నలభై రెండు నిమిషాలు

పడవలు బాగుచేసే షెడ్డులో ట్రైలర్ మీద ఒక జెట్ స్కీ ఉంది. దాని పక్కన ఇద్దరు: షెడ్డు నడిపే మెకానిక్, ఆమె అక్క మొగుడు.

"అదే చెబుతున్నా మరదలా. ఒడ్డున స్టార్ట్ చేస్తే పులి. నీళ్లలో దిగి పది నిమిషాలైతే పిల్లి."

"పిల్లంటే ఎలా? ఇంజిన్ గట్టిగా అరుస్తూ బండి కదలదా, అరుపే తగ్గిపోతుందా?"

"అరుపే తగ్గిపోతుంది. ఎంత నొక్కినా ఎక్కదు."

"కూత పెడుతుందా, బీప్ బీప్ అని?"

"చెవులు చిల్లులు పడేలా."

"అయితే పెట్రోలు తప్పు కాదు, పంపు తప్పూ కాదు. వేడి. ఇది కింద నించి నీళ్లు పీల్చుకుని ఒళ్లు చల్లబరుచుకోవాలి. ఇదిగో, ఈ గొట్టంలోంచి. వేలు పెట్టి చూడు ఏం వస్తోందో."

"ఇసుక."

"ఇసుక, నాచు. రాయిలా గడ్డకట్టింది. నిన్నా మొన్నటిది కాదిది."

"ఏడాది నించీ టార్పాలిన్ కిందే పడుంది కదా. సరే, గొట్టం మార్చెయ్. ఆదివారం కొనేవాడు వస్తున్నాడు, నీళ్లలో నడిపి చూస్తాడట. ఎంతసేపు?"

"గొట్టానికి అరగంట. లాప్‌టాప్ పని ఇంకాస్త."

"అదెందుకు మళ్లీ?"

"దీనికీ ఒక బుర్ర ఉంది బావా. ఎప్పుడు వేడెక్కిందీ, ఆ తరవాత ఎంతసేపు నడిచిందీ అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. పాతవి చెరిపెయ్యాలి."

"చూడకుండా చెరిపెయ్యలేవా?"

"చెరపొచ్చు. ఏం?"

"ఏం లేదు. ఊరికే నీకు శ్రమ."

"శ్రమ పొద్దున్నే పడ్డాను. చూసేశాను."

"ఓహో. ఏముంది?"

"రెండే ఉన్నాయి. ఒకటి పోయిన వారం నువ్వు నడిపి చూసినప్పటిది. రెండోది పోయినేడాది, అక్కని తీసుకెళ్లిన రోజుది."

"ఆ సంగతి ఇప్పుడెందుకులే."

"ఆ రోజు ఇంజిన్ ఎప్పుడు ఆగింది బావా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? పోలీసులకి చెప్పాను, మీ నాన్నకి చెప్పాను. అల కొట్టింది, మీ అక్క జారి పడింది. వెనక్కి తిప్పేలోపు ఇంజిన్ చచ్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సాయం తెద్దామని ఒడ్డుదాకా ఈదుకుంటూ పోయాను. బండి దానంతటదే కొట్టుకొచ్చింది."

"చచ్చిందా, నీరసపడిందా?"

"ఏదైతే ఏం?"

"చాలా తేడా ఉంది. వేడెక్కితే ఈ ఇంజిన్ చావదు. తనని తాను కాపాడుకుంటూ మెల్లగా నడుస్తుంది, మనిషి నడిచినంత వేగంగా. ఎక్కినవాళ్లని ఇంటికి చేర్చడానికే దాన్నలా తయారుచేశారు. పోయిన వారం ఆగిందా?"

"లేదు. కానీ అప్పుడు వేరు."

"అప్పుడూ అంతే. కొన్నప్పటి నించీ ఇంజిన్ నడిచిన లెక్కలో, వేడెక్కింది అరవై ఒక్క గంటల పది నిమిషాల దగ్గర. నువ్వు ఇంజిన్ ఆపి తాళం తీసింది అరవై ఒక్క గంటల యాభై రెండు నిమిషాల దగ్గర. మధ్యలో నలభై రెండు నిమిషాలు. ఒక్కసారి కూడా ఆగలేదు."

"మిషన్లు తప్పు చెబుతాయి."

"మనుషులు చెప్పినన్ని చెప్పవు. ఈదుకొచ్చినవాడి జేబులో ఫోను ఎలా పనిచేసిందే అని నాన్న ఆసుపత్రిలోనే అడిగాడు నన్ను. అల్లుడి మీద అనుమానమేంటని ఆయన్నే కసిరాను. నీ తరఫున, బావా."

"మెల్లగా. మీ అక్క బయట కార్లో ఉంది."

"దాన్నీ తీసుకొచ్చావా?"

"తనే వస్తానంది. బండిని నీ దగ్గరికే తీసుకెళ్లమంది కూడా తనే."

"మంచిదైంది. పిలుస్తాను."

"ఆగు. ఒక్క మాట విను. అలలు లేస్తున్నాయి. ఇది కూత పెడుతోంది. వెనక్కి తిప్పితే ఇద్దరం పోతామనిపించింది. ఒక్కరైనా..."

"ఒక్కరంటే నువ్వు."

"భయం వేసింది. భయపడ్డం కూడా నేరమేనా?"

"కాదు. భయం నాకూ వేస్తుంది. మీరు బయల్దేరిన టైముకి ఇంజిన్ నడిచినంతసేపూ కలిపితే, ఒడ్డుకి చేరింది నాలుగున్నరకి. రెస్క్యూవాళ్లకి ఫోన్ చేసింది ఏడింటికి. ఆ రెండున్నర గంటలూ ఏంటి బావా? అదీ భయమేనా?"

"కార్లో కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలీలేదు."

"కథ కుదరలేదన్నమాట."

"అలా అనకు."

"అయిదు గంటలు లైఫ్ జాకెట్‌తో నీళ్లలో తేలుతూ ఉంది అక్క. చేపల పడవ అటు రాకపోతే శవం కూడా దొరికేది కాదు. నెల్లాళ్లు ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడుతుంది. నువ్వేమో చుట్టాలొచ్చినప్పుడల్లా దాని పక్కనే కూర్చుని, ఎంత దూరం ఈదావో చేతులు ఊపి చూపిస్తావు. అది వింటూ నీకు వడ్డిస్తుంది."

"ఏం చేద్దామని?"

"ఇందులో ఉన్నదంతా ప్రింటు తీశాను. ముందు దాని చేతిలో పెడతాను. తరవాత నాన్న చేతిలో. తరవాత స్టేషన్లో. ఒకేసారి కాదు, ఒక్కొక్కరికి. ఒక్కొక్కరి మొహం నువ్వు దగ్గరుండి చూడాలి. ఏడాదిగా నిన్ను నెత్తిన పెట్టుకుని మోశారు అందరూ. మెట్టు మెట్టుగా దింపుతాను."

"నీ కాళ్లు పట్టుకుంటాను. దానికి మాత్రం చెప్పకు. తట్టుకోలేదు."

షెడ్డు తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది.

"లేవండి. గ్రీజంతా ప్యాంటుకి అంటుతోంది."

"అక్కా, ఎంతసేపైంది వచ్చి?"

"ఈయన గొట్టంలో వేలు పెట్టి చూస్తున్నప్పుడే వచ్చాను."

"నువ్విలా కూర్చో ముందు. నీ చెల్లెలు ఆ కంప్యూటర్లో ఏదో చూసి..."

"మీరుండండి. ఆ కాగితం నాకు చూపించక్కర్లేదే. నాకు తెలుసు."

"తెలుసా?"

"నీళ్ల మీద చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. అల నన్ను పైకి లేపినప్పుడల్లా ఈయన వీపు కనపడేది. కూత సన్నగా, ఇంకా సన్నగా. ఇప్పుడు తిరుగుతారు, ఇప్పుడు తిరుగుతారు అనుకుంటూ విన్నాను. ఒక్కసారి తల తిప్పి చూశారు కూడా. చూసి, మళ్లీ ముందుకి తిరిగారు."

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావే?"

"చెబితే ఏమవుతుంది? నాన్న అరుస్తాడు. పెద్దవాళ్లు కూర్చుంటారు. పాపం, భయపడ్డాడు అంటారు. ఈయన ఏడుస్తారు, అది బాగా వచ్చు. నేను క్షమించాలి. అంతేగా? ముందు నాకు ఊపిరి రావాలనుకున్నాను. తరవాత ఈత."

"ఈతేంటి?"

"ఎనిమిది నెలల నించీ. మధ్యాహ్నాలు, ఈయన ఆఫీసుకి వెళ్లాక. ఇప్పుడు గంటన్నర ఆగకుండా ఈదుతాను."

"మరి మెట్ల మీద ఆ ఆయాసం?"

"ఇంట్లో మెట్ల మీదే వస్తుంది అది."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు? పద, ఇంటికి పోదాం."

"వెళ్దామండీ. కొనేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పేశాను. చెల్లీ, కాగితం నీ దగ్గరే భద్రంగా ఉంచు, ఈయన రానని మొండికేస్తే పనికొస్తుంది."

"ఎక్కడికి రానంటే?"

"కొత్త గొట్టం వెయ్యకు. ఆ ఇసుకతోనే మళ్లీ బిగించెయ్. ఆదివారం మేమిద్దరం నీళ్లలోకి వెళ్తున్నాం. ఈసారి బండి నేను నడుపుతాను."