కర్ర చెప్తది, ఇనుము చెప్పదు

"అవ్వా, నువ్వు టెన్తుల గుణశ్రేఢి దాకనే చదివినవంట గదా. ఆడ్నే ఎందుకు ఆగినవ్?"

ఎవలు చెప్పిండ్రు నీకు? మా కోడలేనా? దాని నోరు ఆగదు. కూసో బిడ్డా. కుర్చీ ఆ గోడ దిక్కు వద్దు, ఇటు దర్వాజ కాడికి జరుపుకో. ఎందుకో చెప్త గని జరుపు ముందుగాల. నీ ట్యూషన్ పొల్లగాండ్లు ఈ అర్రకు అయిదు గొట్టంగ గదా వచ్చేది, ఇంక టైమున్నది. ఫోన్ల రికార్డు గూడ పెట్టినవా? పెట్టుకో, నాకేంది.

మా అయ్య బొగ్గుబాయిల టింబర్ పని చేస్తుండె. బొగ్గు తీసినంక పైన బండ కూలకుంట కర్ర దుంగలు నిలవెడ్తరు గద, ప్రాపులంటరు, గవి నిలవెట్టేటోడు. అంతకు ముందు యవుసమే. నన్ను కన్న మా అవ్వకు బాయి పని ఇష్టం లేకుండె. "ఎవడన్న సచ్చినంక భూమిలకు పోతడు, నువ్వు రోజు పోతవ్" అని దెప్పేది. మా అయ్య నవ్వేటోడు. "రోజు తిరిగొస్తున్న గదనే" అనేటోడు.

గోదావరిఖని బళ్లె టెన్తుల ఆడివిల్లలం ముగ్గురమో నలుగురమో ఉంటిమి. బడి ముంగట హోటల్ల చాయ్ చారాణ గప్పుడు. ఆఁ, ఏం చెప్తున్న? లెక్కల సారు. కోస్తా దిక్కు నుంచి వచ్చిండు. మమ్ముల గూడ "ఏమండీ" అని పిలుస్తుండె, మేము వెనుక బెంచీల నోరు మూసుకొని నవ్వుకునేది. మంచి మనిషి. అంకశ్రేఢి చెప్పేనాడు నన్ను లేపిండు. "మీ నాన్నగారు దుంగకీ దుంగకీ మధ్య ఎంత దూరం వదులుతారో అడిగి రామ్మా" అన్నడు. అయ్యనడిగితె, "కొలత కట్టె ఉంటది. దాని ప్రకారం ఒక్క తీర్గ పెట్టాలె. తేడా వస్తె పని చూసే సర్దారు మమ్ముల అమ్మనక్కలు తిడ్తడు" అన్నడు. తెల్లారి సారు బోర్డు మీద దుంగలన్ని గీసిండు. "చూశారా, ప్రతిసారీ అంతే దూరం కలుస్తోంది. ఇదే సామాన్య భేదం" అన్నడు. మా అయ్య బోర్డుకెక్కిండని నేను ఆ దినం ఎంత మురిసిన్నో.

అయ్యకు గూడ సంబురమైంది. అన్నం తినుకుంట, "మరి రెట్టింపయ్యేది ఉన్నదానే మీ పుస్తకంల?" అన్నడు. ఉన్నది, ముంగటి పాఠమే, గుణశ్రేఢి అంటరు అన్న. "బండ దిగుతుంటె కర్ర గట్లనే ఏడుస్తది బిడ్డా. ముందుగాల ఒక్కటి. జరసేపు ఏం లేదు. మళ్ల రెండు. ఆగి నాలుగు. ఇగ గప్పుడు అన్ని ఇడిసిపెట్టి ఉరుకుడే" అన్నడు. పల్లెం అంచు మీద వేలుతోని కొట్టి వినిపిచ్చిండు. టక్. టక్ టక్. మా అవ్వ "పల్లెం కొట్టకు, అరిష్టం" అని చెయ్యి పట్టుకున్నది. మిగిలిన సప్పుళ్లు నేను వినలె.

తర్వాత ఇనుప ప్రాపులొచ్చినయి. గట్టియి అన్నరు. గట్టియే, అబద్ధమెందుకు ఆడాలె. కని మా అయ్యోళ్లయి కర్రకు మరిగిన చెవులు బిడ్డా. ఇనుము ఏడ్వది. వంగేదాంక ఉలుకు లేదు, పలుకు లేదు.

ఆ దినం సద్ది తినే యాళ్లయింది. మల్లయ్య కాక అని మా అయ్య జోడీ, ఆయన చెప్పిండు మాకు. పైనుంచి సన్నగ పొడి రాలుతున్నదంట. "లేద్దాం రాజన్నా" అంటె, "కర్ర ఏడుస్తలేదు గదరా, ఇంకో బుక్క తిననీ" అన్నడంట మా అయ్య. ఆడ కర్ర లేదని మర్సిపోయిండు బిడ్డా. ఇన్నేండ్ల అలవాటు. సప్పుడు లేదంటె ఫికర్ లేదనుకున్నడు. కాక నీళ్ల డబ్బ కోసం అటు జరిగిండు, బతికిండు.

షిఫ్టు టైము గాని టైముల సైరన్ మోగితె ఊర్లె ఆడోళ్లందరు బాయి దిక్కు ఉరుకుతరు. మా అవ్వ పిండి చేతులతోనే ఉరికింది.

దినాలైనంక బడికి పోయిన. సారు గుణశ్రేఢి చెప్తున్నడు. నేను లేసి నిలవడ్డ. "సార్, మొదటి పదం సున్న అయితె?" అన్న. "అప్పుడది గుణశ్రేఢి కాదమ్మా. సున్నను ఎన్నిసార్లు హెచ్చవేసినా సున్నే వస్తుంది" అన్నడు. "మరి మా అయ్య మీద పడ్డది ఎక్కడ్నుంచి వచ్చింది సార్?" అన్న.

సారు బోర్డు దిక్కు తిరిగిండు. ఆయన తప్పు లేదు. పుస్తకంల లేదు గద.

ఇగ అయ్య నౌకరి ఎవలికి? తమ్ముడు చిన్నోడు. అల్లునికి ఇస్తరని పెద్దమనుషులు అన్నరు. అల్లుడు కావాల్నంటె బిడ్డ లగ్గం కావాలె గదా? పరీక్షలకు ముందే చేసిండ్రు. మా ఆయన నన్ను చూసి చేసుకోలె, మా అయ్య డ్యూటీని చూసి చేసుకున్నడు. అదే బాయి, అదే షిఫ్టు. మొన్న నువ్వు పొల్లగాండ్లకు గట్టిగ చెప్తుంటివి, శ్రమదోపిడి అని. నిజమే కావచ్చు. కని మా అయ్య పొయ్యింది ఒక్క బుక్క కాడ బిడ్డా. గంత పెద్ద మాటల అది నాకు దొరకది.

ఊకె చెప్తున్ననుకున్నవా ఇదంత? ఆ గోడ చూడు. శ్రేఢుల చార్టు అంటించినవ్. కింద ఎర్ర పెన్నుతోని "ప్రశ్నించేటోడే మనిషి" అని రాసినవ్. మంచిగున్నది. దాని వెనుక ఏమున్నది మరి? పగులున్నది. పొల్లగాండ్లు బుగులు వడ్తరని కప్పినవ్. ఓపెన్‌కాస్ట్ బాయిల బండ పేల్చినప్పుడల్ల అది పెరుగుతది. నువ్వు చార్టు అంటించక ముందు నేను బొగ్గు గీతలు వెట్టిన. వానల్ల ఒక్క వేలంత పాకింది. చలికి రెండు వేళ్లు. శివరాత్రికి బెత్తెడు, నాలుగు వేళ్లు. నువ్వు లెక్కల టీచర్వి గద, చెప్పు, ఇది ఏ శ్రేఢి?

గోడ నోరు తెరిచి చెప్తనే ఉన్నది. నువ్వు దానికి కాయితం అడ్డం పెట్టినవ్.

తియ్యి. మెల్లగ, చినగనియ్యకు.

చూసినవా. దూలం దాక పోయింది.

ఏందే, మొఖం గట్ల తెల్లవోయింది? ఏడ్వకు. నిన్ను అంటలేను. లే, బోర్డు ఆ కొస పట్టు, నేను ఈ కొస వడ్త. ముసల్దాన్నేగని చేతులు ఇంక ఉన్నయి. వాకిట్ల వేసుకో బడి. ఎండ కొడితె పరద కడ్తం. నీ పొల్లగాండ్లందరు పండ్లూడేదాంక బతకాలె. నువ్వు గూడ. ఏడాదికి ఒక్క ఏడు, సారు చెప్పినట్టు, ఒక్క తీర్గ...

ఆగు, ఆ పలకలు గూడ బయటికి తే. మర్సిపోయినమని మళ్ల లోపటికి ఉరుకుతరు పిల్లలు, జల్ది తే...