సింహం బోనులో ఫిడేలు

"సింహం జూలులో ఒక్క వెంట్రుక కూడా రాలదు, ఇది నా మాట." అన్నారా లేదా, డైరెక్టర్ హోల్‌కోంబ్ గారూ? షూటింగ్ మొదటి రోజున, ఆ అట్టముక్కల అడవి ముందు, అందరం వింటుండగా! మరి చేతిలో ఆ తుపాకీ ఏమిటి?

అబ్బా, అరవడానికి ఆ బాకా ఎత్తకండి! మెల్లగా. మన సింహం బార్నబీ ఇప్పుడే నిద్రపోయాడు. తల నా బూటు మీదే పెట్టాడు. నేను వాయిస్తున్నంతసేపూ లేవడు.

అవును, బోను లోపలే ఉన్నాను. కావాలనే వచ్చాను. దీన్ని ప్రతిఘటన అంటారు. నన్ను దాటకుండా వీణ్ణి కాల్చలేరు!

అసలు వీడు చేసిన నేరమేమిటండీ? హీరో మీదికి దూకలేదు. అంతేగా? ఎలా దూకుతాడు! నేను ఫిడేలు మీద విషాదం వాయిస్తే హీరోయిన్ మేబెల్ గారికి కన్నీళ్లొస్తాయి, వీడికి నిద్రొస్తుంది. ఆపితే వీడు లేస్తాడు, ఆవిడ కిసుక్కున నవ్వుతుంది. ఇది మూకీ సినిమా. నా ఫిడేలు ఏ ప్రేక్షకుడికీ వినపడదు. అయినా అది లేనిదే ఆవిడకి ఏడుపు రాదు. దానికి తూటా వీడికా?

ఏమిటా సైగ? ఓహో! చచ్చిన సింహం మీద హీరో కాలు మోపి నిలబడితే ఓహియోలో జనం చప్పట్లు కొడతారా? ఏ హీరో? నిన్న కోతిపిల్ల చెయ్యి చాపితే కెమెరా వెనక దాక్కున్నాడే, ఆ హీరోయేనా?

పీడితుడికి నాలుగు కాళ్లున్నా పీడితుడే! వీడి చెమట మీద బతికే మీ పెట్టుబడి... నవ్వకండి! సింహానికి చెమట పట్టదా? పోనీ, మాటవరసకి అన్నాను.

అటు చూడండి, మిసెస్ హౌగెన్. వీణ్ణి పాలు పట్టి పెంచిన మనిషి. పొద్దున్నుంచి వీడికి తిండి పెట్టడం కూడా మర్చిపోయి, మాంసం బకెట్టు పక్కన కూలబడి ఏడుస్తోంది. ఆవిడకి ఫిడేలు అక్కర్లేకపోయింది, గమనించారా?

నా డిమాండు ఒక్కటే. వీణ్ణి ప్రాణాలతో ఆవిడకి అప్పగిస్తానని అందరి ముందూ చెప్పండి. జూన్ పద్నాలుగు, శనివారం దాకా గడువు. అందాకా వాయిస్తూనే ఉంటాను. పోరాడేవాడికి అలుపేమిటి...

అయ్యో.

విన్నారా? తీగ తెగింది.

కన్ను తెరిచాడు. ఒకటే. కాదు, రెండూ. నన్నే చూస్తున్నాడు.

హోల్‌కోంబ్ గారూ, నిజం చెప్పేస్తున్నాను. లోపలికి రావడం గురించి పుస్తకాల్లో బోలెడు చదివాను. బయటికి రావడం గురించి ఎవడూ రాయలేదు. తాళం నేనే వేసుకున్నాను. తాళంచెవి వీడి పొట్ట కింద ఉంది.

తుపాకీ ఎత్తకండి! దించండి! వణుకుతున్నానే గాని మాట మార్చలేదు. వీణ్ణి కాల్చడానికి వీల్లేదు!

ముందా మాంసం బకెట్టు ఇటు తోయించండి. తర్వాత మాట ఇవ్వండి. గడువొక్కటే మారుస్తున్నాను. పంతొమ్మిది వందల పంతొమ్మిది, జూన్ పన్నెండు, గురువారం. అంటే ఇవాళే. ఇప్పుడే.