తండా బడిల పులి రాసిన అ ఆలు

"నవ్వకు సంతోష్! ఆటో తోలుడు తప్ప నీకేమెరుక? పట్నంల స్మార్ట్ బోర్డంటే లక్షలు పోస్తరు. ఈ వసీం టీవీ రిపేర్ షాపుల గదే బోర్డు చాయ్ ఖర్చుల తయారైంది. నాగలతక్కా, చక్కెర జర ఎక్కువెయ్, ముచ్చట పొడుగున్నది.

"వీడియో గేమ్ ఆడి పారేసిన రిమోట్ ఒకటి పాత సామాన్ల కబాడీల దొరికింది. దాని మూతికాడ చిన్న కెమెరా ఉంటది. మన కంటికి ఆనని వెలుగు దానికి ఆన్తది. టీవీ రిమోట్‌కు ముంగట గా వెలుగిచ్చే బుడ్డ బల్బుంటది సూడు, గది పీకి స్కెచ్ పెన్నుల పెట్టిన. గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మ, చేతిల గా పెన్ను. నువ్వు ఏడ తిప్పితే గాడ గీత పడ్తది. గంతే!" చాయ్ హోటల్ బల్ల మీద కూసొని చెప్తున్నడు వసీం.

"గంతేనా?" అన్నడు సంతోష్.

"గంతే ఎట్లయితది? తండా బడిల ద్వాలి అని ఐదో తరగతి పిల్ల. మిర్చి ఏరను పోయి బడి మానేసింది. టీవీ లెక్క బోర్డు పెడితే వస్తనన్నదట. గా బడి పంతులమ్మ రాజ్యశ్రీ మేడం వచ్చి చెప్తే పాణం చివుక్కుమన్నది. పోయి బిగించిన. ద్వాలి వచ్చింది, పెన్ను చేతికిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రాసింది."

"ఏడ రాసింది! పెన్ను ఆనియ్యకముందే గీతలు ఇటు ఉరుకుడు, అటు ఉరుకుడు! కిటికీల చూస్తే పులి! కిన్నెరసాని అడవి పులి! దాని కండ్ల మెరుపును కెమెరా పెన్ననుకున్నది. నేను భయపడ్తనా? 'ఏయ్, కుదురుగ రాయ్' అని అ దిద్దించిన."

"రెండు కండ్లాయె, రెండు అ లు పడవా?" అడిగింది నాగలత.

"ఒక కన్ను మూసుకోమన్న అక్కా! గంత తెల్వదా నాకు? పులిని చూసి అడవంతా లైన్ కట్టింది. ఎలుగుబంటైతే పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అన్నది. గోడ సాలలే. ప్రొజెక్టర్‌ను గోదారి అవతలి గుట్ట మీదికి తిప్పిన. పులి ఈడ కన్ను కదిలిస్తే ఆడ గుట్ట మీద గుణింతం! పాపికొండల లాంచీలోళ్లు చదువుకుంట పోయిండ్రు!"

"పట్టపగలు పులెక్కడిది వసీం భాయ్?"

అందరు తిరిగి చూసిండ్రు. బస్సు దిగి ఎప్పుడొచ్చిందో, రాజ్యశ్రీ మేడం ఎనక నిలవడ్డది.

"నీ షాపు చీకటిది, ఆడ మంచిగ పనిచేసింది. మా బడి తూర్పు కిటికీకి తలుపుల్లేవు. బోర్డు మీద ఎండ పడ్డది, కెమెరా గా ఎండనే పెన్ననుకున్నది. నువ్వేమో దయ్యమని బండెక్కి ఉరికితివి!"

సంతోష్ నవ్వుకు చాయ్ పొలమారింది. వసీం మొఖం చిన్నబోయింది. గ్లాసు పక్కకు పెట్టిండు.

"పిల్ల... మల్ల మిర్చి తోటకే పోయిందా మేడం?"

"లేదు. ఎండ కండ్లల్ల కొడుతుందని, మిరపకాయలు ఎండబోసే టార్పాలిన్ ఇంటి నుంచి గుంజుకొచ్చి కిటికీకి కట్టింది. గీతల ఉరుకుడు ఆగింది. పేరు రాసింది, ఇంత పెద్దగ. వాళ్ల నాయిన గోప్యా టార్పాలిన్ కోసం తిట్టుకుంట వచ్చిండు. గోడ మీద గదేందని అడిగిండు. నీ బిడ్డ పేరన్న. శానాసేపు చూసిండు. 'కాయలు సాపల మీద ఎండబోసుకుంటం, ఇది ఈడనే ఉండనీయ్' అని పోయిండు. ద్వాలి రోజూ వస్తున్నది. నిన్ను తోల్కరమ్మన్నది, పెన్ను ఇంకోటి కావాల్నట."

వసీం మోచేత్తోని కండ్లు తుడుసుకొని లేసి, బండి తాళం తీసిండు.

"ఇన్నవా సంతోష్? గా టార్పాలిన్ కట్టినంకనే పులి రాకడ బందైంది!"