ప్రస్థానం పెట్టిన సంచి

హనుమాన్ జంక్షన్‌లో పక్కింటి తాళం ముందు ఆ భార్యాభర్తలు నిలబడి ఉన్నారు. వీధిలో టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు.

“హైదరాబాదుకి విమానం ఎంతసేపన్నారు?”

“గంటే. రెండొందల యాభై కిలోమీటర్లు, గంటలో దిగిపోతాం!”

“ఇక్కణ్ణుంచి గన్నవరానికి?”

“అరగంట.”

“మరి టిక్కెట్లున్న సంచి దగ్గరికి?”

ఆయన తాళాన్ని ఓసారి లాగి చూశాడు.

“ఇవాళ మంచిది కాదని, నిన్న మంచి ఘడియలో సంచి తెచ్చి ఈ ఇంట్లో ప్రస్థానం పెట్టారు, సరే. టిక్కెట్లు కూడా అందులోనే పెట్టాలా?”

“సంచి బయల్దేరితే మనం బయల్దేరినట్టేగా! గంగారత్నంగారు ఇంటికి తాళం పెట్టి తెల్లారగట్లే మైలవరం వెళ్ళిపోతారని నేను కలగన్నానా?”

“అక్కడ హైదరాబాదులో మూడింటికి అమ్మాయికి ఆపరేషన్. మనల్ని చూడందే లోపలికి వెళ్ళనని ట్రంకాల్‌లో ఏడ్చింది.”

“సాయంత్రానికి వచ్చేస్తారులే ఆవిడ...”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కొంగు నడుముకు బిగించి, మెట్ల పక్కనున్న రుబ్బురోలు పొత్రం రెండు చేతులా ఎత్తింది.

“ఆగవే! వర్జ్యం ఇంకా పది నిమిషాలుంది!”

తాళం మీద మొదటి దెబ్బ పడింది.