కెజాయా నిశానీ పెట్టని దస్తావేజు

ఏదీ, ఆ కాగితం ఇటియ్యి చూద్దాం. ఉండుండు, కళ్ళజోడేదీ... ఆఁ, నెత్తి మీదే ఉంది. "మైకాజా లెడ్‌ఫర్డ్ తన భార్య కెజాయాతోనూ, ఐదుగురు సంతానంతోనూ 1817లో కెంటకీ నుంచి మిస్సోరీ వచ్చి స్థిరపడెను. దంపతులిద్దరూ కుటుంబ శ్మశానమున పక్కపక్కన శాశ్వత నిద్రలో ఉన్నారు." అబ్బో. ఎర్మా రాసిచ్చింది కదూ ఇది? నాకు తెలుసులే, మా పెదనాన్న కూతురి భాష నాకు తెలీదా, ఊళ్ళో ఎవరు పోయినా పేపర్లో ఆ నాలుగు ముక్కలూ రాసేది అదే. మన కుటుంబాల వాళ్ళందరూ కలిసే రోజుకి పుస్తకం వేస్తున్నారని మీ అమ్మ చెప్పింది కానీ, ఆ పని నీ నెత్తిన పెట్టారని చెప్పలేదు. అచ్చుకెప్పుడు ఇవ్వాలి? వచ్చే వారమా? అయితే కూర్చో తల్లీ. అందులో కాదు, ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు రా.

చిన్నప్పుడు మాకు చెప్పేవాళ్ళు, మైకాజా ఒకచోట కాలు నిలిచే మనిషి కాదని. పక్కింటి పొయ్యి పొగ కనపడితే చాలు, ఇక్కడ జనం ఎక్కువైపోయారని బండి కట్టేవాడట. మా నాన్న ఆ మాట ఎంత గొప్పగా చెప్పేవాడో! తను మాత్రం ఈ కౌంటీ దాటి పట్టుమని పదిసార్లు వెళ్ళి ఉండడు. నేనా, ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను, రోజూ అవే గుమ్మాలు, అవే కుక్కలు. ఏటా ఆగస్టులో రెండు వారాలు సెలవిచ్చేవాళ్ళు. యాభై ఎనిమిదిలో అనుకుంటా, ఒనీడాతో అన్నాను, "ఏమే, ఈసారి మైకాజా ఎటునుంచి వచ్చాడో అటు వెనక్కి పోయి చూద్దామా?" అని. మా ఒనీడాని నువ్వు చూళ్ళేదు కదా. నువ్వు పుట్టిన ఏడాదే పోయింది. సన్నగా, పొడుగ్గా ఉండేది, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేది. కానీ దస్తూరీ! నా రాత నాకే అర్థం కాదు. ఆ పాత కచేరీల్లో కిందికీ పైకీ తోకలు పెట్టి రాసిన రాతలున్నాయి చూశావూ, నేను వేలు పెట్టి కూడబలుక్కుంటుంటే, తను గబగబా చదివేసి నోటుబుక్కులో ఎక్కించేసేది.

మొదట ఉత్తర కరొలీనా. కొండల్లో చిన్న కోర్టు కచేరీ, కింద నేలమాళిగలో పుస్తకాలు. ఒక్కో రిజిస్టరూ దూడంత బరువు. దొరికాడు. వాగు పక్కన నూరెకరాలు అమ్ముకున్నాడు. ఆ దస్తావేజుల్లో హద్దులు ఎట్లా రాసేవాళ్ళో తెలుసా? "తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, అక్కణ్ణుంచి తూర్పుగా రెండు హికరీ చెట్ల దాకా" అట. ఆ చెట్లేవి, ఆ వాగేది! మేం ఒక పూటంతా తిరిగి, ఇదే అయి ఉంటుందని ఒక మొద్దు మీద కూర్చుని రొట్టెలు తినొచ్చాం. మైకాజాకి సంతకం వచ్చు, వంకరటింకర. కెజాయాకి రాదు. నిశానీ పెట్టేది, కోడి కాలి ముద్రలాగా మూడు గీతలు. ఆ నిశానీ పక్కన ఇంకో నాలుగు వరుసలు ఉండేవి, వాటిని నేను మొదట్లో పట్టించుకోలేదు. ఒనీడాయే చదివి చెప్పింది. ఆ రోజుల్లో మొగుడు నేల అమ్మాలంటే పెళ్ళాన్ని వేరే గదిలోకి తీసుకెళ్ళి అడగాలట. మొగుడు ఉండకూడదు. "అమ్మా, నీ ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నావా, ఎవరన్నా బెదిరించారా?" అని. ఆవిడ "నా ఇష్టమే" అందని రాసుంది. "మంచి పద్ధతేనే" అన్నాను. ఒనీడా తలొంచుకుని రాసుకుంది.

తర్వాతి ఏడు టెనసీ. అక్కడ ఒక చిక్కొచ్చింది. ఆ కౌంటీలో ఇద్దరు మైకాజా లెడ్‌ఫర్డ్‌లు! ఇద్దరికీ ఒకే వయసు, ఒకే వాగు. మనవాడెవడో తేలడం లేదు. రెండ్రోజులు తలపట్టుకున్నాం. మూడో రోజు ఒనీడా ఒకటే నవ్వు. ఏమిటే అంటే చెప్పలేక పుస్తకం నావైపు తిప్పింది. ఏముందంటావు? "మైకాజా లెడ్‌ఫర్డ్ కోర్టుకి హాజరై, ఫలానా జోనస్ ఓర్ అను వాడు కొట్లాటలో తన ఎడమ చెవి కొరికివేసినట్టు నమోదు చేయమని కోరెను." నష్టపరిహారం కాదమ్మాయ్! ఊరికే రాసుకోమన్నాడు. ఎందుకంటే అప్పట్లో దొంగలకి చెవి కోసేవాళ్ళు. రేపు కొత్త ఊరికి పోతే, చెవి లేనివాణ్ణి చూసి దొంగ అనుకోరూ? అందుకని కోర్టు చేత రాయించుకున్నాడు, నాది కోసింది కాదు, కొరికింది అని. మా నాన్నకి ఒక చెవిటి ముసలాయన చెప్పేవాడట, మిస్సోరీ తాతకి ఎడమ చెవి లేదని. ఇక అనుమానమేముంది? ఆ చెవి పట్టుకునే మేం వాణ్ణి కెంటకీ దాకా లాక్కెళ్ళాం. టెనసీ నేల కూడా అమ్మాడులే. మళ్ళీ గదిలోకి పిలిచారు, మళ్ళీ "నా ఇష్టమే" అంది, మళ్ళీ కోడి కాలు.

కెంటకీలో పంతొమ్మిదేళ్ళున్నాడు. చూడు, కాలు నిలవని మనిషి అంటారా, పంతొమ్మిదేళ్ళు! ఎవడో పెద్దమనిషి వచ్చి ఈ నేల నాదీ, నీకంటే ముందే నేను కొలిపించుకున్నానని కేసు వేశాడు. పదకొండేళ్ళు నడిచింది ఆ కేసు. సాక్షుల మాటలన్నీ ఉన్నాయి, ఒకడు బీచ్ చెట్టు అంటాడు, ఇంకొకడు కాదు మేపుల్ అంటాడు. చివరికి మనవాడు ఓడాడు. చెరువుకి గండి పడ్డట్టు మంచి నేలంతా పోయింది, కొండవార మిగిలిందీ, ఇల్లూ ఉన్నాయంతే. విసిగిపోయాడు పాపం. 1817లో ఆ మిగిలింది కూడా అమ్మేసి మిస్సోరీ పోదామని దస్తావేజు రాయించాడు. వాడు పొగ చూసి పారిపోలేదే తల్లీ, తరిమితే పోయాడు. మా నాన్న ఆ సంగతి తెలీకుండానే పోయాడు.

ఏం చెబుతున్నాను... ఆఁ, దస్తావేజు. అరవై ఒకటి ఆగస్టు, ఫ్యాను కూడా లేదు ఆ గదిలో. నేను పక్క బల్ల దగ్గర వేరే పుస్తకం తిరగేస్తున్నాను. ఒనీడా రాసే కలం చప్పుడు ఆగిపోయింది. చూస్తే నోటుబుక్కు మూసేసి, లేచి బయటికెళ్ళిపోయింది. నీళ్ళు తాగడానికనుకున్నా. ఎంతకీ రాకపోతే వెళ్ళి ఆ పేజీ చూశాను. నిశానీ ఉండాల్సిన చోట ఖాళీ. కింద గుమాస్తా రాశాడు, "భర్త లేకుండా వేరుగా అడగగా, ఒప్పుకోనని చెప్పెను. ఆ నేలలో నా పిల్లలు నలుగురు ఉన్నారు, దాని మీద నిశానీ పెట్టను అని చెప్పెను." మామూలుగా వాళ్ళు అట్లా మాటలు రాయరు. ఆ గుమాస్తాకి ఏమనిపించిందో మరి, రాశాడు. దాంతో కొనేవాడు జంకి, ఇల్లూ, దాని చుట్టూ నేలా వదిలేసి మిగతాది తీసుకున్నాడు. మైకాజా మిస్సోరీ వచ్చేశాడు. బతికున్న ఐదుగురు పిల్లలూ ఆయనతోనే వచ్చేశారు. చిన్నదానికి పన్నెండేళ్ళు. కెజాయా రాలేదు. ఈ ఊరు ఎన్నడూ చూళ్ళేదు. ఎర్మా వాళ్ళు ముప్పై ఒకటిలో ఆయన పక్కన పెట్టించిన రాయి కింద ఎవరూ లేరమ్మాయ్, ఉత్త మట్టి.

ఆ సాయంత్రం దాకా నేనొక్కణ్ణే వెతికాను. ఆవిడ పేరు మళ్ళీ 1829లో దొరికింది. కౌంటీ వాళ్ళు రోడ్డు వేస్తూ, "విధవ లెడ్‌ఫర్డ్ ఇంటి మీదుగా" అని పుస్తకంలో రాశారు. ఆవిడ కోర్టుకొచ్చింది. అప్పటికి అరవై దాటి ఉంటాయి, పదిహేను మైళ్ళు, గుర్రం మీద వచ్చిందో నడిచే వచ్చిందో. రోడ్డు వద్దనలేదు. నేను విధవని కాదు, నా భర్త మిస్సోరీ వెళ్ళాడు, ఆ మాట కొట్టేయండి అంది. కొట్టేశారు. సిరాతో అడ్డగీత ఉంది, వేలుతో తడిమి చూశాను. 1841లో పోయిందావిడ. ఇరవై నాలుగేళ్ళు ఒక్కతే.

నాకు పండగలా ఉందనుకో. ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలీని సంగతి! ట్రక్కులో కూర్చుని ఒకటే వాగుతున్నాను, ఎర్మా మొహం చూడాలే, అదీ ఇదీ అని. ఒనీడా కిటికీలోంచి బయటికి చూస్తోంది. అటే చూస్తూ అంది, "నన్నెవరూ పక్క గదిలోకి పిలిచి అడగలేదయ్యా" అని.

నీకు తెలీదులే. మీ అమ్మకైనా తెలుసో లేదో. పెళ్ళైన కొత్తలో మేం ఇండియానాలో, వాళ్ళ ఊళ్ళో ఉండేవాళ్ళం, నేను రాతి గనిలో పనిచేసేవాణ్ణి. అక్కడ మాకొక పిల్లాడు పుట్టాడు. ఆల్డెన్. పదకొండు రోజులున్నాడు. మళ్ళీ కలగలేదు. తర్వాత నాకిక్కడ ఉత్తరాల ఉద్యోగం వచ్చిందని కబురొస్తే, ఒక ఆదివారం సామాన్లు కట్టి తీసుకొచ్చేశాను. అడగడమేమిటి, సంతోషిస్తుందనే అనుకున్నాను. మీ అమ్మమ్మ జెల్ఫా, మా చెల్లెలు, అది కూడా తనని అడిగావా అని అనలేదు నాతో. అప్పటికి ముప్పై రెండేళ్ళైంది.  నలభై మైళ్ళు పోయాక, "పోనీ, మీ ఊరు వెళ్ళిపోదామా?" అన్నాను. "ఇప్పుడక్కడెవరున్నారు, పద, చీకటి పడకముందే ఇల్లు చేరదాం" అంది. అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. వంట చేసింది, తోటలో బీన్సు కోసింది, అంతా మామూలే. నోటుబుక్కు మాత్రం ముట్టుకోలేదు.

ఎర్మాకి చెప్పానా? చెప్పాను. ఇంతెత్తున లేచింది. "ఏరా హోబార్ట్, కన్నపిల్లలు ఐదుగుర్ని వదిలేసిన ఆడదని మన ముత్తవ్వ గురించి చాటింపు వేస్తావా? రాయి వేయించాం, పాదిరి వచ్చి ప్రార్థన చేశాడు, ఇప్పుడు పీకమంటావా?" అని. నేనూ ఒకప్పుడు అదే అనుకున్నాను, పన్నెండేళ్ళ పిల్లని పంపేసి మట్టి దగ్గర కూర్చుందేమిటి ఈ మనిషి అని. ఒనీడా ముందు అంటే, "బతికున్నవాళ్ళకి వాళ్ళ నాన్న ఉన్నాడు కదా" అంది. 

అరవై ఆరులో జబ్బు చేసింది తనకి. డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని. ఇక్కడ మా ఇద్దరికీ అప్పటికే స్థలం తీసిపెట్టి ఉంచాను, నాన్న పక్కన, దేవదారు చెట్ల కింద. నేనే అడగొచ్చు. కానీ నేనడిగితే ఏమంటుంది, నీ ఇష్టమే అంటుంది. జెల్ఫాని పిలిచాను. "నువ్వు లోపలికెళ్ళి తలుపేసుకుని అడుగు, నేను ఇంట్లో ఉండను" అన్నాను. కొట్టం దాకా వెళ్ళి ఊరికే నిలబడ్డాను. మీ అమ్మమ్మ చాలాసేపటికి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆల్డెన్ దగ్గరికి తీసుకెళ్ళమందిరా అన్నయ్యా" అంది. తీసుకెళ్ళాను. శ్మశానంలో నాకుంచిన చోటు పక్కన ఒనీడా రాయి లేదేమని మొన్న నువ్వు మీ అమ్మనడిగావట కదా. అదీ సంగతి. ఏటా వెళ్ళొచ్చేవాణ్ణి. ఇప్పుడు కళ్ళు ఆనడం లేదు, రోజంతా ప్రయాణం, ఎవర్నని అడగను? ఛ ఛ, నిన్నడగడం లేదు. నీకు బోలెడు పనులు.

తను పోయాక నాకు పొద్దుపోయేది కాదు. ఒకరోజు మన కచేరీకే వెళ్ళాను, ఇక్కడే, పన్నెండు మైళ్ళు. ఎక్కడెక్కడో తిరిగాం కానీ, ఇంటి పక్కదాంట్లో ఎప్పుడూ చూళ్ళేదు. మైకాజా ఎలాగూ ఇక్కడే చచ్చాడు కదా, ఇంకేముంటుందిలే అని. 1833లో ముసలాడు కోర్టుకి వచ్చాడు. కుర్రతనంలో ఇంగ్లీషు వాళ్ళతో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో సిపాయిగా చేశాడట, పాత సిపాయిలకి పింఛను ఇస్తున్నారంటే. డెబ్బై మూడేళ్ళు. పుట్టినచోటు మొదలుకుని ఎక్కడెక్కడ ఉన్నాడో వరసగా చెప్పాడు, మేం నాలుగేళ్ళు తిరిగిందంతా ఒక్క పేజీలో! తర్వాత జడ్జి అడిగాడు, నువ్వు సైన్యంలో చేశావని ఎరిగిన సాక్షి ఎవరన్నా ఉన్నారా అని. రాసుంది చూడు, నాకు కంఠతా వచ్చేసింది. "నేను పోయినదీ, తిరిగి వచ్చినదీ ఎరిగిన మనిషి ఒక్కతే. నా భార్య కెజాయా. కెంటకీలో వదిలి వచ్చితిని. బతికి ఉన్నదో లేదో నాకు తెలియదు."

బతికే ఉందే తల్లీ అప్పటికి. ఇంకా ఎనిమిదేళ్ళుంది. నాలుగేళ్ళ ముందే కోర్టుకొచ్చి విధవ అన్న మాట కొట్టించుకుని వెళ్ళింది. నాకు తెలుసు ఆ సంగతి. అటు ఆయనకీ తెలీదు, ఇటు ఆవిడకీ తెలీదు, నూట ముప్పై ఏళ్ళ తర్వాత ఉత్తరాలు పంచేవాడికి తెలుసు. నేనా పేజీ మీద చెయ్యి పెట్టి, "ఇటు చూడవే" అన్నాను. పక్కకి తిరిగి అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటా, గుమాస్తా పిల్ల తలెత్తి చూసింది. "ఏం కావాలండీ?" అంది.

...

ఏం లేదన్నాను.

కారు అద్దాలు ఎక్కించి వచ్చావా? జల్లు పడుతున్నట్టుంది.