నమకుంగ్వె తీరపు మేనకోడలు: శ్రీమతి అసియాతు మకావా గారికి

1987 ఆగస్టు మూడవ తేదీ సోమవారం ఉదయాన, ఒక చేతిలో నియామక పత్రమూ మరొక చేతిలో ఎండు ఉసిపా చేపల మూటా పట్టుకొని, ఇరవై మూడేళ్ళ యువతి ఒకరు మలావీ సరస్సు దక్షిణ తీరాన ఉన్న మన మత్స్యశాఖ జిల్లా కార్యాలయపు మెట్లెక్కారు. ఆమే నేడు పదవీ విరమణ చేయుచున్న మన జిల్లా మత్స్యాధికారిణి శ్రీమతి అసియాతు మకావా గారు. ఆ మూట ఆమె మేనమామ శ్రీ బ్వనాలి గారు కట్టి ఇచ్చినది. కొత్త చోటికి వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది ఆయన సిద్ధాంతం. నాటి అధికారి గారు నియామక పత్రాన్ని మధ్యాహ్నం దాకా చూడలేదు గాని, మూటను మాత్రం పది గంటలకే విప్పించారని పాతవారు చెప్పుకొనేవారు.

ఆ మేనమామను గురించి ఇక్కడే చెప్పకపోతే ఈ వ్యాసం ముందుకు నడవదు. మన తీరాన ఆడబిడ్డలకు, వారి సంతానానికి పెద్దదిక్కు మేనమామే. పెళ్ళి మాటలైనా, తగవు తీర్పైనా ఆయన నోరు విప్పనిదే మొదలు కావు. తండ్రి లేని అసియాతు గారిని బ్వనాలి గారు తీరం నుండి లాగే తన అలివి వలతోనే చదివించారు. తెల్లవారి ఆ వలలో చాంబో చేప పడితే సాయంత్రానికి పుస్తకం వచ్చేది, పడకపోతే మరునాటిదాకా ఆగేది. నమకుంగ్వె తీరంలో ఆ వలను ఎరగనివారు లేరు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఆమె రేవు రేవుకూ తిరిగి దోనెలలో దిగిన చేపను తూచి నమోదు చేసేవారు. నేను 1991లో ఆమె పడవకు ఇంజను నడపడానికి చేరాను. మ్వెరా గాలి విజృంభించే రోజులలో ఆ పడవలో వాంతి చేసుకోని ఉద్యోగి లేడు, ఆమె ఒక్కరు తప్ప. మేమంతా పడవ అంచు పట్టుకొని లోకం మరచి ఉంటే, ఆమె మాత్రం నింపాదిగా ఉడకబెట్టిన చిలగడదుంప తింటూ, "ఏం డామియానో, నీకో ముక్క పెట్టనా?" అని అడిగేవారు. ఇందులో వేధింపు ఎంతో, వాత్సల్యం ఎంతో నేటికీ నాకు తేలలేదు.

తరువాతి దశాబ్దంలో సరస్సు మనలను బెంగపెట్టింది. చాంబో దిగుబడి ఏటేటా తగ్గింది, పడిన చేప కూడా బెత్తెడు దాటేది కాదు. ఆడ చాంబో గుడ్లను నోటిలోనే పొదిగి, పిల్లలు ఈదగలిగేదాకా వాటిని నోటిలోనే దాచుకొని, తాను ఆహారం మాని ఉంటుందని మనకందరికీ తెలుసు. తొలివానల వేళ, నవంబరు, డిసెంబరు మాసాలలో, లోతులేని ఇసుక మేటలలో అది పిల్లలతో ఉన్నప్పుడు సన్నకన్ను వల లాగితే తల్లీ పోతుంది, తరమూ పోతుంది. ఆ రెండు మాసాలూ వేట ఆపాలన్న నియమాన్ని కాగితం మీద నుండి ఇసుక మీదకు దించిన ఘనత మకావా గారిది. పోలీసులను వెంటబెట్టుకొని వెళ్ళడం ఆమెకు నచ్చేది కాదు. ఊరూరా తీరపు కమిటీలు వేయించి, నియమాన్ని వారి నోటనే పలికించేవారు. సొంత ఊరు నమకుంగ్వెలో కమిటీ అధ్యక్షులుగా ఎన్నికైనవారు మరెవరో కాదు, సాక్షాత్తూ ఆమె మేనమామ. నిషేధ కాలంలో వల వేస్తే ఆ వలను తీరాననే కాల్చాలన్న తీర్మానం ప్రతిపాదించినవారు కూడా ఆయనే.

2002 డిసెంబరులో నమకుంగ్వె కీర్తి రాజధాని దాకా పాకింది. నిషేధాన్ని అక్షరాలా పాటించుచున్న తీరాన్ని కళ్ళారా చూసి అభినందించడానికి పెద్ద అధికారుల బృందం తరలివచ్చింది. ఉపన్యాసాలు ముగిశాయి. మామిడి చెట్టు కింద చాపలు పరిచి, అతిథుల ముందు భోజనం పెట్టారు. వేడివేడి మొక్కజొన్న పిండి న్సీమా ముద్దలు, వాటి పక్కన పళ్ళెం నిండా పొగలు కక్కుతున్న తాజా చాంబో!

మా అందరి చేతులూ గాలిలో ఆగిపోయాయి. మకావా గారు మెల్లగా అడిగారు.

"మామయ్యా, ఈ చేపలు ఎక్కడివి?"

"సరస్సులోవి. చేపలు కొండ మీద కాస్తాయా?"

"ఎప్పుడు పట్టారు?"

"పొద్దున్నే. ముందు తినమనవే వాళ్ళని, చల్లారిపోతోంది."

"ఇది నిషేధ కాలం కదా మామయ్యా!"

"నిషేధం వేటకమ్మా! ఇది వేటా? అతిథులొచ్చారు. మన నిషేధాన్ని మెచ్చుకోడానికి అంత దూరం నుంచి వచ్చినోళ్ళకి గుమ్మడాకు కూర పెట్టి పంపితే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆయన మాటలో కపటం లేశమైనా లేదు. అతిథి ముందు చాంబో పెట్టని ఇల్లు మన తీరాన ఇల్లే కాదు గదా. అధికారులలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గు నటించారు. వ్యవహారం అలా నవ్వులలో కరిగిపోయేదేమో. ఇంతలో వడ్డిస్తున్న పెద్దమ్మ ఒకామె, "నోటి నిండా పిల్లలే తల్లీ, కడిగేటప్పుడు బిలబిలా రాలాయి పాపం" అన్నది. మకావా గారి ముఖం మారిపోయింది. ఆమె చేయి కడుక్కొని లేచారు. నియమం ప్రకారం వల తెప్పించమని కమిటీ సభ్యులను కోరారు. ఒక్కరూ కదలలేదు.

బ్వనాలి గారు ఆమెను పక్కకు పిలిచారు. పడవ తాడు సర్దుతున్న నాకు ఆ మాటలు వినిపించాయి.

"వాళ్ళని వెళ్ళనీవే. సాయంత్రం నేనే తెచ్చి నీ చేతికిస్తాను. వీళ్ళ ముందు మాత్రం వద్దు."

"సాయంత్రమైతే అది మన ఇంటి సంగతి అయిపోతుంది మామయ్యా. ఇప్పుడైతేనే తీరం సంగతి."

ఆయన ఇంటికి వెళ్ళి, తన వలను తానే భుజాన వేసుకొని వచ్చి ఇసుకలో దించారు. ఆమెను చదివించిన వల అది. ఆమె తన చేతితోనే అగ్గిపుల్ల గీశారు. అది కాలి ముద్దగా మారేదాకా మేనమామా మేనకోడలూ ఇద్దరూ చెరో పక్కన నిలబడే ఉన్నారు. ఆ తరువాత ఆయన అందరూ వినేలా ఒక్క మాట అన్నారు.

"సర్కారు కొలువు ఉన్నన్నాళ్ళూ నువ్వు సర్కారు మనిషివి. అది దిగిన రోజున మాట్లాడదాం. అందాకా నీ గడప తొక్కను."

తిరుగు ప్రయాణంలో ఆమె పడవ ముందు భాగాన, మాకు వీపు చేసి కూర్చున్నారు. కొంత దూరం వచ్చాక, "డామియానో, ఇంజను ఇంకొంచెం గట్టిగా తిప్పు" అన్నారు. గాలి లేదు, తొందర లేదు. ఎందుకు తిప్పమన్నారో అర్థమై, అది పగిలిపోతుందేమోనన్నంత గట్టిగా తిప్పాను.

ఆ వార్త తీరమంతా పాకింది. సొంత మేనమామనే వదలని మనిషి మనలను వదులుతుందా అన్న భయం కొంత, గౌరవం కొంత కలిసి, మరుసటి ఏడు చాలా రేవులలో వలలు గూట్లోనే ఉన్నాయి. బ్వనాలి గారు అధ్యక్ష పదవి వదులుకుంటారని మేమనుకున్నాము. వదలలేదు సరిగదా, పెద్దకన్ను వల ఒకటి కొత్తగా అల్లించుకొని, నిషేధం వచ్చిందంటే దోనె వేసుకొని కాపలా తిరిగేవారు. నేను ఆ రేవుకు వెళ్ళినప్పుడల్లా, "మీ మేడం గారితో చెప్పు, ఈ వారం ఇద్దర్ని పట్టాను" అనేవారు. నేను తిరిగి వచ్చి చెప్పేవాడిని. ఆమె తల ఎత్తకుండా, "ఇంకేమన్నారు?" అని అడిగేవారు. ఇంకేమీ అనలేదని చెప్పడం నా ఉద్యోగ జీవితంలో నాకు అత్యంత కష్టమైన విధి.

2011లో మకావా గారి కుమార్తె చిరంజీవి హలీమా వివాహం జరిగినప్పుడు, వరుని పక్షాన పెద్దలు వచ్చి కూర్చుంటే, మన పక్షాన బ్వనాలి గారి తమ్ముడు, చిన్న మేనమామ గారు మాట్లాడారు. పెద్దాయన కోసం పరచిన చాప మీద మకావా గారు ఎవరినీ కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నానికి నమకుంగ్వె నుండి గంపెడు చాంబో వచ్చింది, మాట మాత్రం రాలేదు. ప్రతి చేపా జానెడుకు పైమాటే. ఆమె ఒక్కొక్క చేపనే చేతిలోకి తీసుకొని చూసి, వంటింటికి పంపారు.

ఆ పై సంవత్సరమే ఆమె జిల్లా మత్స్యాధికారిణిగా పదోన్నతి పొందారు. రెల్లు పొదల వెంట చేపపిల్లలకు రక్షిత మేటలు ఏర్పరచడం, దోమతెరలతో వేటను మాన్పించడం, చేపలు ఎండబెట్టే మహిళలకు ఎత్తైన తడికెలు సమకూర్చడం ఆమె హయాములోనివే. సరస్సంతా బాగుపడిందని చెప్పను. చేపల లెక్కలు మోసుకొచ్చే పడవ నడిపినవాడిని, అబద్ధమాడితే ఆమే మొదట పట్టుకుంటారు. నమకుంగ్వె ఇసుక మేటలలో మాత్రం గుడ్లు పెట్టడానికి చాంబో తవ్వే గూళ్ళు మళ్ళీ కనబడుతున్నాయి.

ఈ వీడ్కోలు సభకు ఆహ్వానం ఇవ్వడానికి గత మాసం నేను నమకుంగ్వె వెళ్ళాను. బ్వనాలి గారికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. చూపు తగ్గింది, వెటకారం తగ్గలేదు.

"కొలువు ఎన్నింటికి దిగుతుంది?"

"అయిదింటికి ఆఫీసు మూస్తారు పెద్దయ్యా."

"అయిదు దాటాక ఆమె ఎవరు?"

"మీ మేనకోడలు."

"మరి మేనకోడల్ని ఇంటికి తీసుకురావడానికి ఎవరు రావాలి? డ్రైవరా?"

నేను ఆహ్వాన పత్రాన్ని ఆయన చేతిలో పెట్టాను. ఆయనే మళ్ళీ అన్నారు. "సభ జులైలో కదా, అప్పుడు నిషేధం లేదుగా? అన్నంలోకి చాంబో నేనే తెస్తాను. ఈసారైనా మీ మేడం గారు తింటారో లేదో చూద్దాం. ముందుగా ఆమెకి చెప్పకు. ఆఫీసులో ఏడిస్తే సర్కారు పరువు పోతుంది."

అందుచేత ఈ సంచికను అయిదు గంటలకు ముందు ఎవరికీ పంచవద్దని మన కార్యదర్శి గారిని బతిమాలి ఒప్పించాను. మేడం, తమరు ఈ వాక్యం చదువుచున్నారంటే అయిదు దాటినట్లే. ముప్పై ఏడేళ్ళు తమరు మాకు అధికారులు, మార్గదర్శకులు, పడవలో చిలగడదుంప పెట్టిన అక్క. తమరికి నిండు ఆరోగ్యమూ, నూరేళ్ళ ఆయుష్షూ, మ్వెరా గాలి తగలని ప్రశాంత జీవనమూ కలగాలని, నమకుంగ్వె మేటలలో ప్రతి వానాకాలమూ తల్లిచేపలను తమరు తీరికగా చూసుకోవాలని మా అందరి హృదయపూర్వక ఆకాంక్ష. తమరు కుమార్తె పెళ్ళినాడు ఎవరినీ కూర్చోనివ్వని ఆ చాపను హలీమా చేత తెప్పించి, సభా మందిరపు గుమ్మం పక్కన పరిచాము. ఒక్కసారి అటు చూడండి. పెద్దాయన కూర్చున్నారు, చేప చల్లారిపోతోంది.

భవదీయుడు,
డామియానో చిలెంగా