ఆరు వాటాల మేడ మీద పడని గునపం

బందర్లో పానకాలుగారని ఒకాయన ఉండేవాడంట. తాతల్నాటి మేడ ఒకటుంది ఆయనకి. దాన్ని ఆరు వాటాలు చేసి ఆరు కాపరాలకి అద్దెకిచ్చి, తనేమో కొత్తింట్లో ఉండేవాడు. ఉన్నట్టుండి ఆయనకి సినిమాహాలు కట్టాలని బుద్ధి పుట్టింది. ఎక్కడ కడతాడు? ఈ మేడ కూలగొట్టి కడతాడంట! ఖాళీ చెయ్యండర్రా అన్నాడు. పిల్లాజెల్లా వేసుకుని ఎక్కడికి పోతారు చెప్పు? ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదనుకో. అప్పుడు కింది వాటాలో ఉండే మంత్రసాని తులశమ్మ చీపురు పక్కన పడేసి ముందుకొచ్చింది. 'బాబూ, దర్జీ పెళ్ళాం సుబ్బాయమ్మకి మూడో నెల. కడుపుతో ఉన్న మనిషుండగా ఇంటిమీద గునపం వేస్తారా ఎక్కడన్నా? మీకు తెలీందేముంది' అందంట. పానకాలుగారు అసలే చాదస్తం మనిషాయె. సరే, పురుడొచ్చేదాకా ఆగుతానన్నాడు.

ఏమైందంటే, సుబ్బాయమ్మకి పురుడొచ్చి, నెల తిరిగి ఆయన వచ్చేసరికి వెనక వాటా కంసాలి పెళ్ళానికి వేవిళ్ళు. ఆవిడ కనేసరికి పోస్టుమేన్ పెళ్ళాం చింతకాయలు అడుగుతోంది. ఆవిడ కనేసరికి మళ్ళీ సుబ్బాయమ్మ! నవ్వుతారేంటమ్మా, వంతులేసుకున్నారు మరి! ఈసారి ఫలానా వాటా అని తులశమ్మ చెప్పేదంట. మొగాళ్ళు ఒక్కళ్ళూ కిక్కురుమన్లేదంట, ఎందుకంటారు? అట్టా ఏడేళ్ళు గడిచినయ్. పానకాలుగారు రావటం, 'ఈసారెవరు?' అనటం, పోవటం.

ఎనిమిదో ఏడు వంతు తప్పింది. కంసాలావిడ మొగుడి మీద అలిగి పుట్టింటికి పోయి కూచుంది, ఇంకెట్టా? ఆ సంగతి ఎవడు చేరేశాడో గానీ, పానకాలుగారు నలుగురు కూలోళ్ళనీ గునపాల్నీ, కొబ్బరికాయ కొట్టడానికి పెళ్ళాం శేషమ్మగార్నీ వెంటబెట్టుకుని దిగాడు. ఆడోళ్ళు ఏడ్చుకుంటా గిన్నెలు, బిందెలు తెచ్చి రోడ్డుమీద పెడతన్నారంట.

శేషమ్మగారు కొత్తకోడలుగా అడుగుపెట్టింది ఆ గడపలోనే. ఆ గడప చూసింది, ఈ పిల్లల్ని చూసింది, 'అబ్బా, వికారం' అని తులశమ్మ మీదకి ఒరిగి చెయ్యి గట్టిగా గిల్లిందంట. తులశమ్మకి వేరే చెప్పాలా? నాడి పట్టుకుని, 'ఆపండ్రా గునపాలు! అమ్మగారికి రెండో నెల!' అని అరిచింది. ఆవిడకేమో నలభై ఆరు, ఆయనకి అరవై. మనవలున్నారు!

కోప్పడతాడనుకున్నారు. చూస్తే ఆయన చెయ్యి మీసం మీదకి పోయిందంట. కూలోళ్ళు 'దణ్ణం బాబూ, ఈ వయసులో...' అన్నారంట, ఇంకేముంది! ఊరంతా సున్నుండలు పంచాడు. బజార్లో ఆయన నడకే మారిపోయింది. మూడు నెల్లకి శేషమ్మగారు తాపీగా, 'అది వట్టి పైత్యమంటండీ' అంది. ఆయన చెమటలు కక్కుకుంటా తులశమ్మ దగ్గరికి పరిగెత్తి, 'తల్లీ, ఇది బయటపడిందా, ఊళ్ళో తలెత్తుకోలేను' అన్నాడు. 'దక్కలేదని నేను చెప్తాలే బాబూ. మరి మా ఇల్లో?' అంది. మళ్ళీ ఆ మేడ మాటెత్తితే ఒట్టన్నాడంట.

అట్టా మిగిలిందమ్మా ఆ మేడ. నన్ను ఈ ఊరిచ్చారు గానీ, ఆ వంతుల్లో పుట్టినోళ్ళలో నేనూ ఒకదాన్ని. మా అమ్మ నన్ను దేవుడిచ్చిన పిల్లంటా ముద్దు చేసేది. మా నాన్నేమో, దేవుడెవరే, తులశమ్మ వంతేసింది అనేవాడు.